మెడ దగ్గర ఒక్క వరస

సుభాషిణికి లోకంలో ఒకటే దిగులు. పదకొండేళ్లుగా తన చేత్తో అల్లినవీ కుట్టినవీ గంపకొండ స్వామికి తీసుకెళ్లి ఇస్తోంది. ఆయన ఒక్కసారైనా ‘బాగుంది’ అన్న పాపాన పోలేదు.

ఆమె పనితనం సామాన్యమైంది కాదు. ఈ మాట ఎక్కువగా ఆమే చెబుతుంది కానీ, అబద్ధం మాత్రం కాదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నలభయ్యో ఏట సూది పట్టింది. పాత పత్రికల్లో బొమ్మలు చూసి, ఫోన్లో వీడియోలు చూసి, తప్పు పడితే విప్పి మళ్లీ వేసి, ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుంది. ముందు ఎంబ్రాయిడరీ, తర్వాత క్రోషియా, పూసల పని, చివరికి ఊలు అల్లిక. నర్సీపట్నంలో వాళ్లింట్లో తొడుగు లేని వస్తువు లేదు. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, ఫ్రిజ్ పిడికి తొడుగు. గ్యాస్ సిలిండరుకైతే కుచ్చుల గౌనే ఉంది.

“పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే నాక్కూడా ఒకటి తొడిగేస్తుంది” అనేవాడు భర్త రామభద్రం. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నోటితో ఎగతాళి చేసినా, ఇంటికి చుట్టాలొస్తే ఆ తొడుగులన్నీ దగ్గరుండి చూపించేది ఆయనే.

అంతటి చేత్తో స్వామికి జపమాల పెట్టుకోవడానికి పూసల సంచి కుట్టి ఇచ్చింది. ఆయన అందులో శొంఠి కొమ్ములు పోసుకున్నారు. మరుసటి ఏడు నెమలి బొమ్మతో ఆసనం కుట్టి ఇచ్చింది. ఆశ్రమం పిల్లి దాని మీద నాలుగు పిల్లల్ని పెట్టింది.

“చలికి వణుకుతోందమ్మా, పాపం. దానికిచ్చాను” అన్నారు స్వామి.

సుభాషిణి పైకి నవ్వింది. లోపల భగ్గుమంది. నెమలి తోక ఒక్కటే రెండు నెలలు కుట్టింది మరి!

గంపకొండ చింతపల్లి దాటాక మన్యంలో ఉంటుంది. చలికాలంలో అక్కడ తెల్లవారేసరికి గడ్డి మీద మంచు సున్నం చల్లినట్టు పేరుకుంటుంది. ఆ చలిలో కూడా స్వామికి ఒంటి మీద ఒక పాత చొక్కా, దాని మీద ఒక దుప్పటి, అంతే. అది చూసినప్పుడు సుభాషిణికి ఆలోచన తట్టింది. స్వెట్టరు! దాంట్లో శొంఠి పోసుకోలేరు. పిల్లికి వెయ్యలేరు. ఆయన వేసుకుని తీరాలి. వేసుకున్నాక ఆ ఒక్క మాటా అని తీరాలి.

దీనికి కొన్నాళ్ల ముందు స్వామి ఆమెకో పని అప్పగించారు. “నీకొచ్చింది ఇక్కడ నలుగురికీ చెప్పమ్మా” అన్నారు. అంతకంటేనా? ఆ వచ్చిన ఆదివారమే సుభాషిణి సూదులూ ఊలు ఉండలూ సంచిలో వేసుకుని కొండెక్కింది. ఆశ్రమం వరండాలో ఆరుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి అల్లిక మొదలుపెట్టించింది.

ఆ ఆరుగురిలో పైడమ్మ ఒకతె. ఆశ్రమంలో వంట చేస్తుంది. అరవై దాటిన మనిషి. చేతి వేళ్లు పొయ్యి దగ్గర కాయలు కాసి ఉంటాయి కానీ, సూది పట్టుకుంటే ఆ వేళ్లు మెత్తబడిపోయేవి. దారాన్ని లాగి పట్టడం ఆమెకి చేతనయ్యేది కాదు. ఆమె అల్లిన మఫ్లరు ఎత్తి పట్టుకుంటే అవతలి కొండ కనిపించేది.

“ఏంటిది పైడమ్మా? దీంతో చేపలు పట్టుకోవచ్చు” అని సుభాషిణి కొస పట్టి లాగేసేది. జానెడు మఫ్లరు సర్రుమని ఊడొచ్చేది.

“సేపలు పడితే మీకూ అట్టుకొత్తాన్లెండి అమ్మగోరూ” అని పైడమ్మ నవ్వేది. మళ్లీ మొదటినుంచి ఎక్కించుకునేది.

రెండోసారీ అదే. మూడోసారీ అదే. నాలుగోసారి లాగేసినప్పుడు పైడమ్మ నవ్వలేదు. వంకర్లు తిరిగిపోయిన ఊలుని ఒళ్లోకి పోగేసుకుని, “పొయ్యి మీన పప్పుందమ్మా” అని లేచిపోయింది. మళ్లీ వరండా మొహం చూడలేదు. ఆమె వెనకే తక్కిన ఐదుగురూ ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకామెకి కలుపు తీత, ఒకామెకి కాళ్ల నొప్పులు. దసరా నాటికి వరండాలో పంతులమ్మ ఒక్కతే మిగిలింది.

“వాళ్లేరమ్మా?” అన్నారు స్వామి అటుగా పోతూ.

“శ్రద్ధ లేదు స్వామీ. బిగువుగా అల్లమంటే అల్లరు. తప్పు చూపిస్తే కోపాలు.”

“నీకు తప్పులు రావా?”

“వస్తే విప్పేస్తాను. నాలుగు వరసలైనా సరే, నలభై వరసలైనా సరే. తప్పుతో ముందుకి పోను స్వామీ.”

స్వామి తలూపి వెళ్లిపోయారు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే వాళ్లతో వాదన పెట్టుకునే అలవాటు ఆయనకి లేదు.

సుభాషిణికి మాత్రం ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది. ఇక మనసంతా స్వెట్టరు మీద పెట్టవచ్చు. అది ఆమె శ్రావణంలోనే మొదలుపెట్టింది. కొలతల కోసం ఆశ్రమం తీగ మీద ఆరేసిన స్వామి చొక్కా తీసి, గుండీలన్నీ పెట్టి, చాప మీద ముడత లేకుండా పరిచి టేపు పెట్టింది. ఛాతీ, పొడుగు, చేతులు, మెడ. కాగితం మీద రాసుకుని ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టుకుంది. కావి రంగు ఊలు విశాఖపట్నం నుంచి తెప్పించింది. గుండీలు పెడితే అల్లిక అందం చెడుతుందని, ముందూ వెనకా ఏకంగా ఉండేట్టు, తలమీంచి తొడుక్కునే రకం ఎంచుకుంది.

నాలుగు నెలలు. పొద్దున్న వంట కాగానే కూర్చునేది, దీపాల వేళకి లేచేది. కుట్టు పక్కన కుట్టు, ఇసుక వేస్తే రాలనంత దగ్గరగా. ఒకసారి వీపు భాగంలో ముప్పై వరసల కింద ఒక కుట్టు తిరగబడిందని కనిపెట్టి ముప్పై వరసలూ విప్పేసింది. రామభద్రం చూసి, “అది వీపున ఉంటుందే, స్వామికి కనిపించదు” అన్నాడు. “నాకు కనిపిస్తుంది” అంది. నిజం చెప్పాలంటే, ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఒక వెలుగుంది. పని మీద అంత ప్రేమ ఉన్న మనిషిని చూసి నవ్వడానికి మనకి మాత్రం నోరెలా వస్తుంది?

ఆఖరి వరస మెడ దగ్గర ముగించింది. అంచు సాగిపోకూడదని ఒక్కో కుట్టునీ గట్టిగా లాగి మరీ బిగించింది. దారం కొసని అల్లికలోనే దాచేసింది. స్వెట్టరు మంచం మీద పరిచి రామభద్రాన్ని పిలిచింది.

రామభద్రం చాలాసేపు చూశాడు. “మహాద్భుతంగా ఉందే! చూడబోతే నా సైజే. ఒక్కసారి తొడుక్కుని చూడనా?”

“ఇంకా నయం! స్వామికిచ్చే బట్ట ముందు మీరు వేసుకుంటారా? నైవేద్యం పెట్టకముందే గిన్నెలో చెయ్యి పెడతారా ఎవరైనా?”

“ఉప్పు సరిపోయిందో లేదో తెలియద్దూ?”

“నా చేతికి తెలుసు” అంది సుభాషిణి. స్వెట్టరుని పట్టుబట్టలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది.

మార్గశిర పౌర్ణమి దత్త జయంతి. గంపకొండ మీద ఆ రోజు రెండు వందల మందికి తక్కువ ఉండరు. భార్యాభర్తలు మొదటి బస్సుకే వచ్చారు. పూజ అయింది. స్వామి వరండాలో ఎత్తు పీట మీద కూర్చున్నారు. జనం ముంగిట్లో చాపల మీద సర్దుకున్నారు. సుభాషిణి పళ్లెంలో పట్టుబట్ట, పట్టుబట్టలో స్వెట్టరు పెట్టుకుని, అందరి మధ్యలోంచి నడిచి వెళ్లింది. ఆ నడకలో తొందర లేదు. చూడండి, బాగా చూడండి అన్నట్టు నడిచింది.

“నాలుగు నెలలు పట్టింది స్వామీ. ఒక్క కుట్టు తప్పలేదు. కావాలంటే తిరగేసి చూడండి. దారం కొస ఎక్కడ దాచానో దేవుడు కూడా కనిపెట్టలేడు.”

స్వామి తిరగేసి చూశారు. నిజమే. లోపలివైపు కూడా ఒక్క ముడి కనిపించలేదు. ఆయన అరచేత్తో వీపు నిమిరారు, చేతులు నిమిరారు, అంచులు పట్టి చూశారు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు మెడలు సాచి చూసి “అబ్బ!” అనుకున్నారు. సుభాషిణి ఊపిరి బిగబట్టింది. పదకొండేళ్ల మాట ఆయన పెదవి దాకా వచ్చిందనే అనుకుంది.

“వేసుకోనా?” అన్నారు స్వామి.

దుప్పటి తీసి పక్కన పెట్టారు. ముందు రెండు చేతులూ దూర్చారు. సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. స్వెట్టరుని తలమీంచి కిందికి లాక్కున్నారు. ఛాతీకి సరిపోయింది, నడుముకి సరిపోయింది. తల మాత్రం బయటికి రాలేదు.

మెడ దగ్గర నుంచి నాలుగు తెల్ల వెంట్రుకలు బయటికొచ్చి ఆగిపోయాయి. స్వామికి చెవులు కాస్త పెద్దవి. ఆయన ఇటు లాగారు, అటు లాగారు. చెవుల దగ్గర పట్టేసింది. ఇంకెవరైనా అయితే విప్పి పక్కన పడేస్తారు. స్వామి విప్పలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల లోపలే ఉంచి, పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

ముంగిట్లో ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు.

సుభాషిణి గబుక్కున ముందుకి వంగింది. “స్వామీ, తీసెయ్యండి. ఇంటికి తీసుకెళ్లి సరిచేసి తెస్తాను.”

“ఇచ్చేశావుగా. ఇంక నాదేనమ్మా.” గొంతు స్వెట్టరు లోపలినుంచి వచ్చింది. “వెచ్చగా ఉంది. చలే కాదు, గాలి కూడా రావటం లేదు. తర్వాత ఎవరు?”

తర్వాతి వాడు ఒక రైతు. స్వామి మొహం ఎటుందో తెలియక ఆ కావి రంగు మూటకే దణ్ణం పెట్టాడు.

“మా అన్నకీ నాకూ గట్టు తగువండి సామీ. ఇంతకాలం నానే తగ్గినాను. ఇంకా నానే తగ్గాలా?”

“ఎంత మేర?”

“జానెడండి.”

“ఇక్కడ నాకింకో జానెడుంటే బయటపడేవాణ్ణి నాయనా. మీ అన్న కూడా అక్కడ అలాగే అనుకుంటున్నాడేమో కనుక్కో.”

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. రైతు కూడా నవ్వాడు. కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె దీవెన కోసం వంగితే, స్వామి తడుముకుని పక్కనున్న ఇత్తడి చెంబు మీద చెయ్యి పెట్టి దీవించారు. రామభద్రం తల వంచుకున్నాడు. సుభాషిణి మాత్రం పీట పక్కనే రాయిలా నిలబడిపోయింది. ఆ రెండు వందల మందీ తన స్వెట్టరుని చూడాలని కదా నాలుగు నెలలు అల్లింది. చూస్తున్నారు. కళ్లార్పకుండా చూస్తున్నారు.

అప్పుడు వంటింట్లోంచి పైడమ్మ కాఫీ గ్లాసుతో వచ్చింది. బయట ఏం జరిగిందో ఆమెకి తెలియదు.

“కాపీ, సామీ” అని గ్లాసు చాపి, ఆగిపోయింది. “ఓలమ్మ! తలకాయేదీ?”

“లోపలుంది పైడమ్మా. కాఫీ ఎలా తాగాలో నువ్వే చెప్పు.”

పైడమ్మ గ్లాసు కింద పెట్టింది. ఎవరినీ అడగలేదు, ఎవరి వంకా చూడలేదు. వంగి, కాయలు కాసిన వేళ్లతో మెడ అంచు చుట్టూ మెల్లగా తడిమి చూసింది.

“అల్లిక బంగారంలాగుందమ్మా” అంది సుభాషిణితో. “మెడకాడే ఆకరి వరస బిగించీసినారు. ఆ ఒక్క వరసా ఇప్పీండి, తల ఒచ్చెత్తాది.”

సుభాషిణి మోకాళ్ల మీద కూర్చుంది. తప్పయితే నలభై వరసలైనా విప్పేసే మనిషికి, ఒక్క వరస విప్పడానికి చెయ్యి ఆడలేదు. కొస కోసం వెతికింది. కనిపించలేదు. మళ్లీ చుట్టూ వెతికింది. అంత బాగా దాచింది మరి. కళ్లల్లో నీళ్లు తిరిగి కుట్లన్నీ అలుక్కుపోయాయి.

“పైడమ్మా” అంది. పక్కకి జరిగి చోటిచ్చింది. “పైడమ్మా, కొస కనపట్టం లేదు. కాస్త వెతికి పెట్టు.”

పైడమ్మ కళ్లు మూసుకుని వేలి కొసతో అంచంతా జరుపుకుంటూ పోయింది. ఎడమ చెవి దగ్గర వేలు ఆగింది. “ఇదిగోనమ్మా.”

సుభాషిణి కొస పట్టుకుని లాగింది. సర్రుమని ఊడొచ్చింది. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. పైడమ్మ మఫ్లరు నాలుగుసార్లు చేసిన చప్పుడే అది. ఆ నాలుగుసార్లూ లాగిన చెయ్యి తనదే కాబట్టి అది చెవిదాకా చేరలేదు. ఇవాళ గుండెలో వినిపించింది.

మెడ వదులైంది. ముందు జుట్టు, తర్వాత ఒక చెవి, రెండో చెవి, ముక్కు, గడ్డం. స్వామి తల బయటికొచ్చింది. ఊలుకి రాసుకుని తెల్ల జుట్టంతా నిక్కబొడుచుకుంది. మొహం ఎర్రగా ఉంది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఎదురుగా ఉన్న సుభాషిణిని చూసి పసిపిల్లాడిలా నవ్వారు. ముంగిలంతా చప్పట్లు కొట్టింది.

కానీ పని అవలేదు. మెడ చుట్టూ విడిపోయిన కుట్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వదిలేస్తే ఒక్కొక్కటీ కిందికి జారిపోతాయి. అప్పటికే రెండు జారాయి.

సుభాషిణి చేతి సంచిలో క్రోషియా సూది ఉంది. తీసింది కూడా. తీసి తన వేళ్ల వంక చూసుకుంది. ఈ వేళ్లు మళ్లీ బిగిస్తాయి. పదిహేనేళ్లుగా వాటికి వేరే పని రాదు. ఆ సంగతి ఆమెకి చూడగానే తెలిసిపోయింది.

సూదిని పైడమ్మ వైపు చాపింది. “నువ్వు ముగించు.”

“నానా? నాది వదులు సెయ్యి కదమ్మా.”

“అందుకే.”

పైడమ్మ ఆ సూది పుచ్చుకోలేదు. సిగ్గుపడుతూ తన కొప్పులోంచి ఒక సూది లాగింది. వాడి వాడి మెరుగెక్కిన క్రోషియా సూది. సుభాషిణి ఆ సూదినే చూస్తూ ఉండిపోయింది. వరండాకి రావడం మానేసింది కానీ, అల్లడం మానలేదన్నమాట.

“ఆ వంకర ఊలుతోనే మా మనవరాలికి టోపీ ఏసినానమ్మా” అంది పైడమ్మ, నేరం ఒప్పుకుంటున్నట్టు. “నాకు లెక్కలు రావు కదా. దాని తల మీన ఎట్టి సూడ్డం, అల్లడం, మల్లీ ఎట్టి సూడ్డం. అది నవ్వితే సరిపోయినట్టు.”

స్వామి కదలకుండా కూర్చున్నారు. పైడమ్మ ఆయన మెడ చుట్టూ తిరుగుతూ జారిన రెండు కుట్లనీ పైకి లాగి, ఒక్కోదాన్నీ సూదితో అందుకుని, దారం వదిలి, ముగిస్తోంది. సుభాషిణి పక్కన కూర్చుని ఊలు అందిస్తోంది. పైడమ్మ వేసే వరస సమంగా లేదు. ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. పట్టి లాగెయ్యాలని సుభాషిణి వేళ్లు ఒక్కసారి జివ్వుమన్నాయి. వాటిని చీర కొంగులో చుట్టి పట్టుకుంది.

ఆలస్యంగా బస్సు దిగి వచ్చిన పెద్దాయన ఒకరు ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు. జరిగిందేదీ ఆయనకి తెలియదు. స్వెట్టరుని పరీక్షగా చూసి, “ఎంత సొగసుగా ఉందండీ! షాపులో కొన్నది కాదు. ఎవరల్లారు?” అన్నాడు.

ముంగిలంతా సుభాషిణి వైపు తిరిగింది. రామభద్రం కూడా తలెత్తి చూశాడు.

“ఒళ్లు నేనల్లానండీ” అంది సుభాషిణి. దాచుకోలేదు, గొంతు తగ్గించుకోలేదు. “మెడ పైడమ్మగారు అల్లుతున్నారు. నేనావిడ దగ్గర నేర్చుకుంటున్నాను.”

పైడమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ కొండ మీద ఆమెని ‘గారు’ అన్నవాళ్లు లేరు. మళ్లీ సూది కదిలింది.

“ఇదిగో, ఇప్పుడు దారం వదిలావు చూడు, అది మళ్లీ ఒకసారి చెయ్యి” అంది సుభాషిణి ముందుకి వంగి. “వేలు ఎక్కడ పెడుతున్నావు? పట్టుకోవటం లేదేం అసలు?”

“పట్టుకోనమ్మా. అదే ఒత్తాది.”

స్వామి చల్లారిన కాఫీ గ్లాసు అందుకున్నారు. తాగలేదు. తన మెడ దగ్గర ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఆ రెండు తలల్నీ ఓరగా చూశారు.

“బాగుందమ్మా, సుభాషిణీ” అన్నారు.

రామభద్రం ఒక్క ఉదుటున లేచి వచ్చి భార్య భుజం తట్టాడు. “సుభా! విన్నావా? స్వామి బాగుందన్నారే!”

“ఉండండి, కుట్టు చూస్తున్నాను” అంది సుభాషిణి, తల తిప్పకుండానే.